విశాఖలో వార్తలు, మాటలతోనే నడిచే రేడియో ఎప్పుడైనా ఉండేదా?

ప్రశ్న: అమెరికాలో చిన్న చిన్న ఊళ్ళలో కూడా పాటలు లేకుండా రోజంతా వార్తలు, కబుర్లు, చర్చలు వినిపించే రేడియో స్టేషన్లు ఉంటాయని చదివాను. మన విశాఖపట్నంలో అలాంటిది ఎప్పుడైనా ఉండేదా? ఉంటే దాని చరిత్ర ఏమిటి? లేకపోతే ఎందుకు లేదు?

జవాబు:

అచ్చంగా అలాంటి స్టేషను విశాఖలో ఎప్పుడూ లేదు. దానికి బాగా దగ్గరగా వచ్చింది మాత్రం ఒకటుంది. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం, మీడియం వేవ్ 927 కిలోహెర్ట్జ్. తొంభైల మొదట్లో నేను సిరిపురంలోని ఆ కేంద్రంలో క్యాజువల్ (అంటే శాశ్వత ఉద్యోగం కాని) అనౌన్సర్‌గా పనిచేశాను. అంతకుముందు కాలేజీలో ఉండగా యువవాణి అనే యువతీయువకుల కార్యక్రమంలో ప్రసంగాలు చదివాను. కాబట్టి నాకు తెలిసినంతలో కాస్త వివరంగానే చెబుతాను.

1938లో మద్రాసు కేంద్రం పెట్టాక తెలుగు కార్యక్రమాలు అక్కణ్ణుంచి వచ్చేవి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. నిజాం రాజ్యంలోని దక్కన్ రేడియోను 1950లో ఆకాశవాణి తీసుకుంది. ఉత్తరాంధ్రకు మాత్రం సొంత గొంతు అంటూ ఏదీ లేదు. విజయవాడ మనకు మూడువందల యాభై కిలోమీటర్ల దూరం. మీడియం వేవ్ తరంగాలు రాత్రిపూట పైనుంచి పరావర్తనమై చాలా దూరం పోతాయి గానీ పగలు అంత దూరం రావు. అందుకని పగలు విజయవాడ గరగరలాడుతూ వచ్చేది, పొద్దుగూకాక తేటగా వినిపించేది. 1963లో కడపకు, విశాఖకు కేంద్రాలు వచ్చాయి. మనది ఆగస్టులో మొదలైంది. తర్వాతి కాలంలో 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్‌తో శ్రీకాకుళం మారుమూల పల్లెల దాకా వినిపించేది.

మా నాన్నగారు హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరు. గాంధీగ్రాం క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మా ఇంట్లో ఒక మర్ఫీ వాల్వు సెట్టు ఉండేది. స్విచ్చి వేశాక లోపల దీపాలు వెలిగి, వేడెక్కి, అప్పుడు గాని మాట వచ్చేది కాదు. దానికి లైసెన్సు పుస్తకం కూడా ఉండేది. ఏటా పోస్టాఫీసుకు వెళ్ళి డబ్బు కట్టి స్టాంపు వేయించుకోవాలి. ఎనభైలలో ఆ లైసెన్సులు ఎత్తేశారు గానీ, అమ్మ ఆ పుస్తకాన్ని చాలాకాలం బీరువాలో రేషన్ కార్డు పక్కనే దాచింది. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖకు ఉక్కు కర్మాగారం ప్రకటించిన సంగతి మా నాన్నగారు ఆ సెట్టులోనే విన్నారట. ఆ ఉక్కు కోసమే 1966లో జరిగిన ఉద్యమంలో కాల్పులు జరిగిన ఊరు కదా, ఆ సాయంత్రం క్వార్టర్లలో కిటికీల దగ్గర జనం మూగిపోయారని చెప్పేవారు.

ఇక రోజంతా ఏం వినిపించేదో చెబుతాను. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. మూడు ప్రసారాలు ఉండేవి: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. పొద్దున్నే ఆకాశవాణి సంకేత సంగీతం. శివరంజని రాగంలో ఆ వయొలిన్ బాణీ కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్ అనే ఆయన. ప్రాగ్ నుంచి కాందిశీకుడిగా బొంబాయి వచ్చి, అక్కడి రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూసుకునేవారు. తర్వాత వందేమాతరం, భక్తి పాటలు. ఏడింటికి కాస్త ముందు ఢిల్లీ నుంచి సంస్కృత వార్తలు, "ప్రవాచకః బలదేవానంద సాగరః" అంటూ. ఆ వెంటనే ఢిల్లీ నుంచే తెలుగు వార్తలు. పన్యాల రంగనాథరావు, అద్దంకి మన్నార్, మావిళ్ళపల్లి రాజ్యలక్ష్మి, ఏడిద గోపాలరావు, కందుకూరి సూర్యనారాయణ... ఆ గొంతులు విని గడియారం సరిచేసుకున్న ఇళ్ళు ఎన్నో. ప్రాంతీయ వార్తలు విజయవాడ నుంచి వచ్చేవి, మన కేంద్రం వాటిని రిలే చేసేది.

చూశారా, వార్తలు ఢిల్లీవి, విజయవాడవి. విశాఖ సొంతంగా ఇచ్చింది మాట. వ్యవసాయం మీద, ఆరోగ్యం మీద, పరీక్షల మీద, ఊరి పాత సంగతుల మీద ప్రసంగాలు. స్త్రీల కార్యక్రమం, పిల్లల కార్యక్రమం, నాటికలు, శ్రోతల ఉత్తరాలు. పదిహేను పైసల కార్డు మీద బొబ్బిలి నుంచో పలాస నుంచో వచ్చిన ఉత్తరాన్ని చదివి, రాసినవారి పేరు, ఊరి పేరు చెబితే ఆ ఊళ్ళో వారం రోజులు అదే కబురు. పాటల కోసమైతే జనం రేడియో సిలోన్ పెట్టుకునేవాళ్ళు, అక్కడి తెలుగు అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం కూడా. మన సంగతుల కోసం 927 పెట్టుకునేవాళ్ళు. అందుకే ఆ కేంద్రాన్ని నేను మాటల రేడియోగానే లెక్కేస్తాను.

ఆ మాట ఎలా తయారయ్యేదో ఒక్కసారి చూపిస్తాను. బయటివాళ్ళకు ఇది తెలిసే అవకాశం తక్కువ. ప్రసంగం చేయడానికి పిలుస్తూ ముందుగా ఒక కాంట్రాక్టు కాగితం పోస్టులో వచ్చేది. ఏ తేదీన రికార్డింగు, ఎన్ని నిమిషాలు, ఎంత పారితోషికం, అన్నీ అందులో ఉండేవి. పది నిమిషాల ప్రసంగానికి చేతిరాతలో ఐదారు పేజీలు సరిపోతాయి. అది ముందే పంపాలి. పెక్స్ గారు, అంటే ఆ విభాగం చూసే ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్, దాన్ని చదివి, పుస్తకంలోలాగా ఉన్న వాక్యాలను నోటి మాటకు దించేవారు. "అమ్మా, ఈ వాక్యం కంటితో చదువుకుంటే బాగుంది. చెవికి మూడు ముక్కలు చెయ్యి" అనేవారు. నేను ఇప్పటికీ ఏది రాసినా ఒకసారి పైకి చదువుకుంటాను, ఆయన చలవే.

స్టూడియో తలుపు మందంగా, బరువుగా ఉంటుంది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటే మన ఊపిరి మనకే వినిపిస్తుంది. కాగితాలకు గుండుసూది ఉండకూడదు. పేజీ తిప్పకూడదు, పక్కకు జరపాలి, చప్పుడు కాకుండా. అందుకోసం ఒక్కో కాగితం మూల కొంచెం పైకి మడిచి పెట్టుకునేవాళ్ళం. అద్దం అవతల ఇంజనీరు చెయ్యి ఎత్తుతాడు, ఎర్ర దీపం వెలుగుతుంది, అప్పుడు మొదలు. రికార్డింగు అంతా పావు అంగుళం టేపు మీదే. తడబడిన చోటు ఉంటే ఆ ముక్కను బ్లేడుతో ఏటవాలుగా కోసి, రెండు కొసలూ తెల్లటి అతుకుడు టేపుతో కలిపేవారు. ఏటవాలుగా ఎందుకంటే, నిలువుగా కోస్తే అతుకు దగ్గర టక్కుమని చప్పుడు వస్తుంది. ఒక ఇంజనీరు గారు మాట మధ్య ఊపిరి తీసిన చోటు వెతికి మరీ కోసేవారు. విన్నవాళ్ళకు అతుకు ఉందని అనుమానం కూడా వచ్చేది కాదు.

అనౌన్సర్‌గా చేరాక పొద్దుటి డ్యూటీ ఉంటే నాలుగున్నరకే స్టేషను వ్యాన్ వీధి చివరకు వచ్చేది. డ్యూటీ రూములో ట్రెక్స్ గారు, అంటే ప్రసారం చూసుకునే ట్రాన్స్‌మిషన్ ఎగ్జిక్యూటివ్, క్యూ షీటు చేతికిచ్చేవారు. అందులో నిమిషాలతో సహా అన్నీ ఉంటాయి. ఢిల్లీ లైను కలపడం అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సిన పని. ముందున్న కార్యక్రమాన్ని మెల్లగా దించి, సెకన్ల ముల్లు చూసుకుంటూ ఫేడర్, అంటే ధ్వని పెంచే మీట, పైకి జరపాలి. కొన్ని లక్షలమంది ఆ క్షణానికి చెవులు రిక్కించి ఉంటారన్న ఎరుక మాకందరికీ ఉండేది.

ఆ కేంద్రం చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది సముద్రం మీద వాళ్ళకు చేసిన సేవ. వాయుగుండం పడితే బులెటిన్ తర్వాత బులెటిన్. "విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడ రేవుల్లో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు. మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు." ఈ వాక్యం ఎంత నెమ్మదిగా, ఎంత స్పష్టంగా చదవాలో మాకు ప్రత్యేకంగా చెప్పేవారు. ఆ సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. పది అంటే మహా ప్రమాదం. పదకొండు అంటే తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని.

ఒకసారి ఫిషింగ్ హార్బరు వాళ్ళ మీద కార్యక్రమం కోసం భుజాన టేప్ రికార్డరు వేసుకుని పెదజాలారిపేటకు వెళ్ళాం. ఒక పెద్దాయన ట్రాన్సిస్టరును రెండు పాలిథీన్ సంచుల్లో చుట్టి, నోరు రబ్బరు బ్యాండుతో కట్టి, తెప్ప మీదకు తీసుకెళ్తానని చూపించారు. సంచి మీంచే మీటలు తిప్పుతారు. "ఏటకెళ్ళొద్దని రేడియోలో సెప్పీసినాక ఎల్లినోడు మా పేటలో లేడమ్మా" అన్నారు. అక్కడితో ఆగకుండా ఇంకో సంగతి చెప్పారు. మబ్బు పట్టి తీరం కనబడనప్పుడు విశాఖ స్టేషను పెట్టి రేడియోను చేతిలో మెల్లగా చుట్టూ తిప్పుతారట. ఒక చోటికి వచ్చేసరికి గొంతు బాగా సన్నబడిపోతుంది. "గోల తగ్గిపోయినకాడ రేడియో ముక్కు ఎటుంటే ఊరటే" అన్నారు. ఇది నిజం. ట్రాన్సిస్టరు లోపల ఫెరైటు కడ్డీ ఉంటుంది, అదే మీడియం వేవ్ ఏంటెన్నా. ఆ కడ్డీ కొస స్టేషను వైపు తిరిగితే సిగ్నలు అందదు, పక్కగా ఉంటే బాగా అందుతుంది. కొసలు రెండు కాబట్టి స్టేషను ముందుందో వెనకుందో రేడియో చెప్పదు. కానీ మన తీరంలో నేల ఎటువైపో, సముద్రం ఎటువైపో కెరటం పోకడను బట్టి వాళ్ళకు తెలుసు. పైగా మీడియం వేవ్ ఉప్పునీటి మీద నేల మీదకంటే చాలా దూరం పోతుంది. ఏ ఇంజనీరింగు కాలేజీకీ వెళ్ళని మనిషి మా స్టేషనును దిక్సూచి చేసుకున్నాడు. తిరిగి వచ్చి ఆ ముక్క టేపు వినిపిస్తే మా ఇంజనీర్లు పని ఆపి మరీ విన్నారు.

సరే, మరి వార్తల రేడియో ఎందుకు రాలేదు? కారణం చట్టం. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల సొత్తు అని తీర్పిచ్చింది. అది క్రికెట్ ప్రసారాల గొడవ మీద వచ్చిన కేసు. తీర్పు చెప్పిన ముగ్గురు న్యాయమూర్తుల్లో మన బి.పి. జీవన్‌రెడ్డి గారు ఒకరు. ఆ తర్వాత కొన్నేళ్ళకు ప్రైవేటు ఎఫ్.ఎం.కు దారి తెరిచారు. మొదటి విడతలో దేశం మొత్తం మీద పన్నెండు ఊళ్ళలోనే స్టేషన్లు నిజంగా మొదలయ్యాయి. అందులో విశాఖ ఒకటి. హైదరాబాదుకంటే ముందే మనకు ప్రైవేటు ఎఫ్.ఎం. వచ్చిందంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. 2005 విధానం తర్వాత మరిన్ని వచ్చాయి.

కానీ వీటిలో దేనికీ సొంతంగా వార్తలు చెప్పే హక్కు లేదు. టీవీ చానెలు ఇరవైనాలుగు గంటలూ వార్తలు చెప్పవచ్చు, పత్రిక రాయవచ్చు, ఫోన్లో ఎవరైనా ఏదైనా చెప్పవచ్చు. ఎఫ్.ఎం. మాత్రం చెప్పకూడదు! 2011లో మూడో విడత విధానం వచ్చినప్పుడు ఆకాశవాణి బులెటిన్‌ను అక్షరం మార్చకుండా వేసుకోవచ్చన్నారు. 2019 జనవరిలో ఆ బులెటిన్లను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. ఈ నిషేధం మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యం కూడా పడింది. 2023 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, గంటకు పది నిమిషాల దాకా వార్తలకు అనుమతివ్వచ్చని సిఫారసు చేసింది. నా ఉద్దేశంలో అది కూడా చాలా పిసరంత. అయినా ఆ మాత్రం వచ్చినా సంతోషమే. వార్త లేకపోతే చర్చ ఉండదు, చర్చ లేకపోతే మిగిలేది పాటలూ, పాటల మధ్య చలాకీ కబుర్లూ. ఆ స్టేషన్లలో మాట్లాడే పిల్లల్లో మంచి గొంతులున్నాయి, చురుకైనవాళ్ళున్నారు. వాళ్ళకు చెప్పడానికి సంగతి లేకుండా చేసింది నిబంధనే.

ఈ లోటు ఎంత పెద్దదో నాకు 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను నాడు తెలిసింది. అప్పటికి మేం ఎం.వి.పి. కాలనీలో ఉంటున్నాం. గాలికి చెట్లన్నీ కూలాయి. కరెంటు స్తంభాలు పడ్డాయి, సెల్ టవర్లు మూగబోయాయి. ఆ రాత్రి పాత ట్రాన్సిస్టరుకు గోడ గడియారంలోని బ్యాటరీలు తీసి వేసి మేడమీదకు తీసుకెళ్ళాను. 837 మీద విజయవాడ వినిపించింది. తుఫాను తీరం దాటిందని, విమానాశ్రయం దెబ్బతిన్నదని తెలిసింది. వీధివాళ్ళు పదిమంది చుట్టూ చేరారు. ఆ నాలుగు మాటలు విన్నాక అందరి భయం కొంచెం తగ్గింది. కానీ మాకు అప్పుడు కావలసిన సంగతులు వేరు. నీళ్ళ ట్యాంకరు ఏ వీధికి ఎప్పుడు వస్తుంది? పాలు ఎక్కడ దొరుకుతాయి? బీచి రోడ్డు తెరిచారా? పెద్దాసుపత్రి కె.జి.హెచ్.కు ఏ దారిన వెళ్ళాలి? రాష్ట్రం మొత్తానికి చదివే బులెటినులో మా వీధికి చోటుండదు, ఉండాలనడం న్యాయమూ కాదు. అది ఊరి రేడియో చేయాల్సిన పని. 2011 లెక్కల్లోనే పదిహేడు లక్షలు దాటిన ఊరికి, ఏడాదికోసారి వాయుగుండాల కోసం ఆకాశం చూసే ఊరికి, తన సంగతులు తాను చెప్పుకునే వార్తా కేంద్రం ఉండి తీరాలని నేను ఇంత పట్టుగా అనడానికి ఆ రాత్రే కారణం.

ఇప్పటి పరిస్థితి చెప్పాలంటే, మీడియం వేవ్ వినేవాళ్ళు బాగా తగ్గిపోయారు. సెల్‌ఫోన్లో ఎఫ్.ఎం. ఉండొచ్చు గానీ మీడియం వేవ్ ఉండదు. ఇంట్లో ఎల్.ఇ.డి. బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్లు కలిసి ఆ బ్యాండు నిండా గుయ్యిమనే రొద పెడతాయి. వినాలంటే ట్రాన్సిస్టరును వాటికి దూరంగా కిటికీ దగ్గరో మేడమీదో పెట్టుకోవాలి. ఆకాశవాణిదే 102 మెగాహెర్ట్జ్ మీద రెయిన్‌బో ఎఫ్.ఎం. ఉంది, తేటగా వస్తుంది. అయితే ఎఫ్.ఎం. తిన్నగా పోయే తరంగం. యారాడ కొండ వెనకో సింహాచలం కొండల అవతలో ఉంటే సన్నబడుతుంది. మీడియం వేవ్ కొండను చుట్టి వస్తుంది. అందుకే 927ను పాతబడిందని తీసి పారేయకూడదంటాను. ఫోన్లో వినాలంటే ఆకాశవాణి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ఉంది. కరెంటూ నెట్టూ ఉన్నంతసేపూ అది బాగానే పనిచేస్తుంది.

మీరు చరిత్ర కోసమే కాకుండా, ఏదైనా మొదలుపెట్టాలన్న ఆలోచనతో అడిగి ఉంటే, అందుబాటులో ఉన్న దారి కమ్యూనిటీ రేడియో. మొదట విద్యాసంస్థలకే ఇచ్చేవారు, 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకూ ఇస్తున్నారు. సంస్థ నమోదై కనీసం మూడేళ్ళు పనిచేసి ఉండాలి. ట్రాన్స్‌మిటర్ శక్తి 100 వాట్లు, చుట్టూ పది పదిహేను కిలోమీటర్ల మేర వినిపిస్తుంది. అంటే జాలారిపేట నుంచి గాజువాక దాకా అనుకోండి. తెలుగులో దీనికి మంచి ఉదాహరణ జహీరాబాద్ దగ్గర మాచనూరులోని సంగం రేడియో. 2008 అక్టోబరు 15న మొదలైంది. దళిత మహిళలే నడుపుతున్నారు. విత్తనాలు, పశువులు, పండగలు, పాత పాటలు, అన్నీ వాళ్ళ మాటలోనే. నేను విన్న మాటల రేడియోల్లో అంత నిండైనది ఇంకోటి లేదు.

కమ్యూనిటీ రేడియోకూ సొంత వార్తలు కుదరవు, వార్తలు కావాలంటే ఆకాశవాణి బులెటినే వేసుకోవాలి. కానీ నిబంధనలు సరిగా చదివితే చాలా చోటుంది. ప్రైవేటు ఎఫ్.ఎం.ల విధానంలోనే ట్రాఫిక్, వాతావరణం, పరీక్షలు, ఫలితాలు, ప్రవేశాలు, ఉద్యోగ అవకాశాలు, నీళ్ళూ కరెంటూ లాంటి పౌర సదుపాయాల సమాచారం, స్థానిక యంత్రాంగం ఇచ్చే విపత్తు హెచ్చరికలు, ఇవేవీ వార్తల కిందకు రావని స్పష్టంగా రాశారు. అంటే పొద్దున్నే హార్బరులో చేపల ధర, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ట్రాఫిక్, రేపు ఏ వార్డుకు నీళ్ళు రావో, సముద్రం ఎలా ఉందో, పెద్దాసుపత్రిలో ఏ రోజు ఏ ఓ.పి. ఉంటుందో, ఇవన్నీ ఇవాళే చెప్పవచ్చు, ఏ చట్టమూ మారక్కర్లేదు. దరఖాస్తు కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖకు పెట్టాలి. ఊళ్ళో ఏ సంస్థ అయినా పూనుకుంటే అనౌన్సర్లకు మాట నేర్పడానికి నేను వస్తాను, పారితోషికం అక్కర్లేదు. కింద వ్యాఖ్యలో రాయండి.